కావలికుక్కకు మరల మరల వచ్చు గంధకోశ వ్యాధి



ఈనాడు నేను ముచ్చటింపబోవు విషయము సభలలో సాధారణముగా వినవచ్చునది కాదు. కుక్క తోకక్రింద పుట్టు వ్యాధిని గూర్చి ముసలి బడిపంతు లొకడు ప్రసంగించుటయా యని కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వినను సరియే, వినుడు. మూగజీవము తన బాధను నోట చెప్పజాలదు. ఆ బాధను మనము తెలిసికొనకపోవుటచేత ఒక్కొక్కప్పుడు దాని ప్రాణమే పోవుచున్నది.

ఆంధ్రమహాభారతము చదివినవారు సరమ కథ నెరుగుదురు. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా సరమ కుమారుడగు సారమేయుడు యజ్ఞవాటికలో ఆడుకొనుచుండెను. రాజు తమ్ములు ఏ తప్పును చేయని ఆ కుక్కపిల్లను కొట్టిరి. అది యేడ్చుచు తల్లికి చెప్పికొనెను. సరమ రాజుకడకు వచ్చి, ఉచితానుచితములు విచారింపక సాధుజీవులకు కీడు చేయువారికి ఊహింపని భయములు కలుగునని పలికి పోయెను. కొట్టుటకు ముందు విచారింపవలెను అనునదే ఆ కథలోని నీతి. నేటి నా ప్రసంగమునకును అదియే మూలసూత్రము.

కుక్క ముందుకాళ్లతో నడచుచు, వెనుకభాగమును నేల కానించి ఈడ్చుకొనిపోవుట మీరందరు చూచియుందురు. పిల్లలు దానిని చూచి చప్పట్లు కొట్టి నవ్వుదురు. పెద్దలు “కడుపులో పురుగులు పడినవి” అని తీర్పు చెప్పి, పురుగుల మందు వేయుదురు. వారము గడచును, కుక్క మరల ఈడ్చుకొనుచునే యుండును. మరల అదే మందు. ఈ తీర్పు కొంతవరకు నిజము కాకపోలేదు. బద్దెపురుగు తునకలు బియ్యపుగింజలవలె, దోసగింజలవలె మలద్వారమువద్ద కనబడి దురద పుట్టించును. అట్టివి కనబడినచో మందు వేయవలసినదే. కాని పురుగులు లేకయే ఈడ్చుకొను కుక్కలు పెక్కు గలవు. వాని బాధకు కారణము వేరు.

కుక్క మలద్వారమునకు ఇరుప్రక్కల, చర్మము లోపల, రెండు చిన్న సంచులు కలవు. గడియారపు ముఖమును తలచుకొనుడు. అందు 4 అంకె యుండుచోట నొకటి, 8 అంకె యుండుచోట నొకటి. ఒక్కొక్క సంచినుండి సన్నని నాళము బయలుదేరి మలద్వారపు అంచున తెరచుకొనును. ఆ సంచులలో ఊరు స్రావము దుర్గంధముగ నుండును. మనకు దుర్గంధమేగాని కుక్కకు అదియే గుర్తింపుచీటి. రెండు కుక్కలు ఎదురైనప్పుడు ఒకదాని వెనుక నొకటి వాసన చూచుకొనుటకు ఇదియే ముఖ్యకారణము. మనము పేరును ఊరును అడిగినట్లు అవి వాసనతో అడిగికొనును. పునుగుపిల్లి తోకక్రింది గ్రంథులనుండి వచ్చు పునుగును మీరెరుగుదురు. అది వేరొక గ్రంథియైనను, వాసనచే జాడ తెలుపుటయే రెండింటి పని. కావున కుక్కయొక్క ఈ సంచులను గంధకోశములని పిలుచుకొందము.

కుక్క గట్టిగా మలవిసర్జన చేయునప్పుడు మలపు ఒత్తిడిచే ఈ సంచులు నొక్కబడి, కొంచెము స్రావము వెలికి వచ్చును. ప్రకృతి చేసిన యేర్పాటు ఇది. మలము పలుచనైనచో ఈ ఒత్తిడి చాలదు. స్రావము లోపల నిలిచి, చిక్కబడి, ముద్దయై నాళమును మూసివేయును. ఇది మొదటి దశ. కుక్క ఈడ్చుకొనుట, తోకమొదటిని కొరుకుకొనుట, ఆ చోటునే మాటిమాటికి నాకుకొనుట, ఎండుచేపల కంపువంటి వాసన వచ్చుట దీని గుర్తులు. నిలిచిన స్రావములో సూక్ష్మజీవులు పెరిగి, సంచి వాచి, చీమునెత్తురు చేరుట రెండవ దశ. అప్పుడు కుక్క మలవిసర్జనకు కూర్చుండుటకే భయపడును. చీముగడ్డ యెర్రబడి, ప్రక్కనున్న చర్మమును చీల్చుకొని పగులుట మూడవ దశ. ఆ పుంటిమీద ఈగ వ్రాలినచో పురుగులు పడును. ఇంతవరకు రానిచ్చిన పిమ్మట ఆ జీవికి కలుగు యాతన వర్ణింప నలవి కాదు.

మా యూరిలో నేను కన్నులార చూచిన సంగతి యొకటి చెప్పెదను. ఒక రైతు మామిడితోటకు ఆరేండ్ల కుక్క కావలి యుండెను. అది అంతవరకు ఎవరిని కరచి యెరుగదు. ఒకనాడు పాలేరు గొలుసు విప్పుచు దాని తోకప్రక్క చేయి వేయగా చటుక్కున కరచెను. “పిచ్చి యెత్తినది” అను కేక పుట్టెను. నలుగురు దుడ్డుకర్రలు పట్టిరి. రైతు అడ్డుపడెను. నేనును అచ్చటనే యుంటిని. మొదట పాలేరు చేతిని సబ్బు రాచి ధారగా పారు నీటిలో 15 నిమిషములు కడిగించి, ఆసుపత్రికి పంపి, రేబిస్ టీకాలు వేయించుట కారంభించితిమి. కుక్కను గొలుసుతోనే ఉంచి, ఎవరును దగ్గరకు పోకుండ కట్టడిచేసి, పశువైద్యునికి కబురంపితిమి. ఆయన వచ్చి, జాగ్రత్తతో మూతి బిగించి, తోక నెత్తి చూడగా మలద్వారమునకు ఎడమప్రక్క నిమ్మకాయంత గడ్డ యుండెను. ఆ గడ్డమీద చేయి తగిలినందుననే అది కరచినది. 10 దినములు కనిపెట్టి చూచితిమి. కుక్క ఆరోగ్యముగనే యుండెను. ఆనాడు రైతు అడ్డుపడకపోయినచో నిర్దోషియైన యొక ప్రాణి కర్రదెబ్బలకు చచ్చియుండెడిది.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయకుండ ముందుకు పోరాదు. కుక్క కరచినప్పుడు “ఇది నొప్పిచేత కరచినది, పిచ్చి కాదు” అని మనమే తీర్మానించుకొని టీకాలు మానరాదు. రేబిస్ లక్షణములు పైకి పొడమిన పిమ్మట మనుష్యుడు బ్రతుకుట దాదాపు అసంభవము. కావున రెండును జరుగవలెను: మనిషికి టీకా, కుక్కకు పరీక్ష. ఒకటి చేసితిమి గదా యని రెండవది విడువరాదు. 1885వ సంవత్సరము జూలై 6వ తేదీన పాస్చరు పండితుడు పిచ్చికుక్క కరచిన యొక బాలునకు టీకా వేయించెను. ఆ జ్ఞాపకార్థము అదే దినమున పశువైద్యశాలలలో కుక్కలకు టీకాలు వేయు ఆచారము కలదు. ఏటేట టీకా వేయించిన కుక్క కరచినను ఊరు కంగారుపడి కర్ర లెత్తుటకు హేతువు తగ్గును.

ఇక చికిత్స మాట. గడ్డమీద కిరసనాయిలు పోయుట, ఫినాయిలు పోయుట మన పల్లెలలో కలదు. ఇవి చర్మమును కాల్చును. కుక్క నాకుకొనినచో కడుపులోనికి పోయి విషమగును. మనము జ్వరమునకు, నొప్పులకు వాడు మాత్రలను కుక్కకు వేయుట అంతకన్న ప్రమాదము. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండములను చెరుపును. పారాసెటమాల్ మోతాదు మించినచో కాలేయమును చెరుపును. పశువైద్యుడు చెప్పనిదే ఏ మాత్రయు వేయరాదు.

మొదటి దశలో పశువైద్యుడు చేతికి తొడుగు వేసికొని, సంచిని మెల్లగా నొక్కి స్రావమును వెలువరించును. చిక్కగా గడ్డకట్టినచో ఉప్పుద్రావణముతో కడుగును. చీము చేరినచో మందు లిచ్చును. గడ్డ పక్వమైనచో కోసి, చీము తీసి, శుభ్రపరచును. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డతో రోజునకు రెండుమూడు సార్లు కాపడము పెట్టుట ఇంటివారు చేయదగిన పని. సంచిని నొక్కు నేర్పును వైద్యునివద్ద చూచి నేర్చుకొనవచ్చును. కాని వాపును నొప్పియు ఉన్నప్పుడు ఇంట నొక్కరాదు. చేతగానివాడు నొక్కిన సంచి లోపలనే పగులును. ఏ బాధయు లేని కుక్కకు “ముందుజాగ్రత్త” యని నెలనెల నొక్కించుటయు తగదు. ఊరక నొక్కిన సంచియే వాచును.

ఇప్పుడు నా ప్రసంగములోని ముఖ్యాంశమునకు వచ్చుచున్నాను. సంచిని నొక్కుట ఆనాటి బాధకు ఉపశమనమేగాని వ్యాధికి మందు కాదు. ఇంటిలో నీరు చేరినప్పుడు తోడిపోయుట యెట్టిదో ఇదియు నట్టిదే. కప్పున చిల్లు ఎచ్చట నున్నదో చూడనివాడు ప్రతి వానకును తోడుచునే యుండవలెను. నేను చెప్పిన తోటకుక్కకు ఆ యేడాదిలోనే మరి రెండుమారులు సంచులు నిండినవి. మూడవమారు పశువైద్యుడు సంచిని నొక్కుటకు ముందు రైతును కూర్చుండబెట్టి ప్రశ్నింప నారంభించెను. ఏమి తినును? మల మెట్లున్నది? ఎచ్చట పండుకొనును? ఒడలు గోకుకొనుచున్నదా? ఆ నాలుగు ప్రశ్నలలో వ్యాధిమూలము బయటపడెను.

మొదటి ప్రశ్న ఆహారము. ఆ కుక్కకు రెండుపూటల పాలన్నము, నడుమ బిస్కట్లు పెట్టుచుండిరి. పెరిగిన కుక్కలలో పెక్కింటికి పాలు అరగవు, మలము పలుచనగును. కూరల మిగులు పెట్టుదుమన్నను అందలి ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషతుల్యములు. అన్నముతోపాటు ఉడికించిన మాంసమో గ్రుడ్డో ఉప్పుకారములు లేకుండ పెట్టవలెను. మలము గట్టిపడుటకు ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు, లేక తడిపిన ఇసబ్‌గోల్ పొట్టు చిన్న చెంచాలో సగముతో ఆరంభించి, క్రమముగా పెంచుచు ఆహారములో కలుపవచ్చును. త్రాగుటకు నీరు ఎల్లప్పుడు ఉండవలెను. మలము గట్టిపడునని ఉడికిన ఎముకలు వేయరాదు. అవి చీలి ప్రేగులకు గుచ్చుకొనును.

రెండవది మలము. దినదినము చూచుటకు రోతపడరాదు. వైద్యునికి దానికన్న మంచి సాక్ష్యము లేదు. మలము మాటిమాటికి పలుచనగుచున్నచో ముందు దాని కారణమును కనుగొనవలెను.

మూడవది శరీరము. క్రొవ్విన కుక్కలో ఈ సంచులు చక్కగ ఖాళీ కావు. ప్రక్కటెముకలు చేతికి తగులవలెను, కంటికి పొడుచుకొని రారాదు. అదియే సరియైన కొలత.

నాలుగవది చర్మము. రోమములలో దాగి, పట్టబోయిన ఎగిరి దుముకు చిన్న నల్లపురుగులు కలవు. పిడుదులు వేరు, ఇవి వేరు. వీని కాటు పడని కుక్కలకు నడుమునుండి తోకమొదటివరకు దురదయే దురద. చర్మము వాచినప్పుడు సంచుల నాళములును వాచి మూసికొనును. బద్దెపురుగును వ్యాపింపజేయునవియు ఈ పురుగులే. కుక్కకు మందు వేసినంత మాత్రమున చాలదు. వీని గ్రుడ్లు గోనెపట్టాలలో, దుమ్ములో రాలియుండును. పట్టాలను వేడినీట ఉతికి, ఎండవేసి, చోటు నూడ్చి, వైద్యుడు చెప్పినంతకాలము విడువక మందు వేయవలెను. పురుగులు లేకున్నను దురద తగ్గనిచో తిండి పడకపోవుట కారణము కావచ్చును. వైద్యుడు చెప్పిన యొకే ఆహారమును 8 వారములు ఇతరమేమియు కలుపక పెట్టి పరీక్షింపవలెను. నడుమ నొక బిస్కటు పెట్టినను పరీక్ష చెడును.

రైతు పాలన్నము మాన్పించెను. గోనెపట్టాలు మార్పించెను. క్రమముగా కుక్క బరువు తగ్గెను. ఆ పిమ్మట నా యెరుకలో దానికి ఆ గడ్డ మరల రాలేదు.

ఇన్నియు చేసినను తగ్గని కుక్కలు కొన్ని యుండును. వానికి శస్త్రచికిత్సతో ఆ సంచులను తీసివేయుదురు. సంచులు లేకున్నను కుక్క సుఖముగ జీవించును. కాని మలమును పట్టియుంచు కండరములును నరములును ఆ ప్రక్కనే యున్నవి. అవి దెబ్బతిన్నచో కుక్క మలమును ఆపుకొనజాలదు. కావున చేయి తిరిగిన శస్త్రవైద్యునివద్దకే పోవలెను. తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరము మున్నగు చోట్ల పశువైద్య కళాశాలలు కలవు. మీ మండలపు పశువైద్యుని అడిగిన దారి చూపును. ముసలికుక్కకు ఆ చోట గట్టి కంతి తగిలినచో, నొప్పి లేకున్నను, ఉపేక్షింపరాదు. దానితోపాటు దాహము మిక్కుటమైనచో మరింత త్వరపడవలెను. అది పుట్టకురుపు కావచ్చును.

పెద్దలారా, మన యూళ్లలో కర్ర యెత్తుమనుటకైనను దించుమనుటకైనను మీ మాటయే ప్రమాణము. కుక్క ఈడ్చుకొనునప్పుడు నవ్వు పిల్లలను వారించి, తోక నెత్తి చూడుమని యజమానికి చెప్పుడు. ఊరకుక్క యైనను కావలికుక్క యైనను హఠాత్తుగ కరచినప్పుడు, కరవబడినవానిని ఆసుపత్రికి పంపి, కుక్కను పశువైద్యునికి చూపుడు. రాత్రి మనము నిద్రించునప్పుడు మేలుకొని యుండు జీవి యది. దాని విషయములో పగటిపూట మనము కొంచెము కన్ను తెరచి చూచుట ధర్మము.