మతి ఎవరిది? పరీక్ష ఎవరిది?

(కొలకలూరు దళితవాడలో చేసిన ప్రసంగ పాఠం)



మన పేటలో ఒక ముసలమ్మ ఉంది. వండిన సంగతి మర్చిపోయి మళ్లీ ఎసరు పెడుతోంది. ఇంట్లోవాళ్లు చాదస్తం అన్నారు. మేమే ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నారు. కాగితం మీద ఒక వాక్యం రాయమన్నారు. బడి గడప తొక్కనివ్వని మనిషి ఏం రాస్తది? మార్కులు పోయినయి. మతి పోయిందని చీటీ చేతికొచ్చింది.

1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లను చంపిన రోజు ఆమెకింకా కళ్లముందే ఉంది. అంతమాత్రాన జబ్బు లేదనలేం. పాతది నిలిచి నిన్నటిది జారిపోవడం ఈ జబ్బు తీరే. ఉందో లేదో ఆ పరీక్ష తేల్చలేదు. అది 1975లో అమెరికాలో చదువుకున్నవాళ్ల కొలతలో తయారైంది. అక్కడి మెక్సికో సంతతి ముసలోళ్లకూ చదువు, భాష తేడాల వల్ల మార్కులు తగ్గాయి. మన దేశంలో చదువురాని పల్లెవాళ్ల కోసం దాన్ని హిందీలో మార్చి 1995లో ప్రకటించారు. అంటే మార్చడం కుదురుతుందన్నమాట.

మరి జబ్బు మాటేమిటి? 2023లో వచ్చిన దేశవ్యాప్త సర్వే 60 దాటిన వాళ్లలో 7.4 శాతం మందికి మతిమరుపు జబ్బు ఉందని లెక్క కట్టింది. ఆడవాళ్లకు, పల్లెవాళ్లకు, చదువు అందనివాళ్లకు ఎక్కువ. ఈ మూడూ కలిసిన మనిషి ఎవరు? మన అమ్మే.

2024లో లాన్సెట్ కమిషన్ 14 కారణాలు చెప్పింది. వాటిని సరిదిద్దితే దాదాపు 45 శాతం జబ్బును ఆపొచ్చు, లేదా వెనక్కి నెట్టొచ్చు. చదువు లేకపోవడం, చెవుడు, చూపు మందగించడం, బీపీ, షుగరు, ఒంటరితనం అందులోవే. ఏది మన పేటలో లేదు చెప్పండి? పలక లాక్కుని నాట్లకు తోలిన కులమే ముసలితనంలో మతినీ తినేస్తోంది.

చదువురానివాళ్ల మెదడు మొద్దు కాదు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను చూసి 2013లో ఏం చెప్పింది? రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందని. అక్షరం రానివాళ్లలోనూ ఆ తేడా కనపడింది.

అందుకని మనం అడగాల్సింది ఇది. అక్షరంతో పనిలేని పరీక్ష మన తెలుగులో, మన పేటలోనే చెయ్యాలి. బీపీ, షుగరు, కన్ను, చెవి చూడాలి. ఇంట్లో మనం కూడా చాదస్తమని కసరడం మానాలి. పిల్లను బడి మాన్పించి కూలికి పంపకూడదు. ఆమె ముసలితనాన్ని ఇప్పుడే కాపాడుకోవాలి.

జై భీమ్.