హైటెక్ సిటీలో చూడ్డానికి ఏముంది అంటారా? ఒక్క ఆదివారం నడిచి చూడండి

హెరిటేజ్ వాక్ అనగానే మనకు ఏం గుర్తొస్తుంది? చార్మినార్, చౌమహల్లా, గోల్కొండ. పొద్దున్నే పోవాలి, గైడ్ చెప్పింది వినాలి, ఇరానీ చాయ్ తాగాలి, నాలుగు ఫొటోలు దిగాలి, మెట్రో ఎక్కి మాదాపూర్‌లో పీజీకి వచ్చి పడుకోవాలి. తప్పేం లేదు, నేనూ పోతుంటాను. కానీ ఇవాళ్టి ఎపిసోడ్ మనం రోజూ నిద్రలేచే చోటు గురించి. రెండేళ్లుగా నేను సైబర్ టవర్స్ నుంచి దుర్గం చెరువు దాకా చిన్న గుంపుల్ని నడిపిస్తున్నా. ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "ఇక్కడేముంది బ్రో చూడ్డానికి, అన్నీ అద్దాల బిల్డింగులే కదా?" దానికి జవాబే ఈ ఎపిసోడ్.

సైబర్ టవర్స్ దగ్గరే మొదలుపెడదాం. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి దీన్ని ప్రారంభించారు. పది అంతస్తుల బిల్డింగ్. ఇప్పుడు చుట్టూ ఉన్న టవర్ల ముందు చిన్నగా కనిపిస్తుంది. మీలో చాలామంది కంటే దీని వయసు ఎక్కువ! అంటే ఇది కూడా ఇప్పుడు చరిత్రే. కానీ ఇక్కడి చరిత్ర 1998లో మొదలవలేదు. అంతకుముందు ఇక్కడేమీ లేదు, ఉత్త రాళ్లూ రప్పలే అని చాలామంది అంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

ముందు పేర్లు వినండి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి చదవండి. కొండాపూర్‌లో కొండ ఉంది. గుట్టల బేగంపేటలో గుట్టలున్నాయి. మసీద్‌బండలో మసీదూ ఉంది, బండా ఉంది. ఒక ఉర్దూ మాట, ఒక తెలుగు మాట కలిసి ఒకే బస్ స్టాప్ పేరైపోయాయి. గచ్చిబౌలి అంటే? గచ్చు అంటే సున్నం, బౌలి అంటే మెట్ల బావి. అంటే సున్నపు గచ్చు చేసిన బావి ఉన్న ఊరు. మనం ట్యాంకర్‌కి డబ్బులు కట్టే ఏరియా పేరులోనే బావి ఉంది చూశారా! రాయదుర్గంలో దుర్గం అంటే కోట, చేరడానికి కష్టమైన చోటు. మెట్రోలో ఆ పేరు రోజూ అనౌన్స్ చేస్తూనే ఉంటారు, మనమే వినం.

ఇక మెయిన్ రోడ్డు దిగి పాత మాదాపూర్ సందుల్లోకి పోదాం. పీజీలు, కర్రీ పాయింట్లు, బండ్లు పెట్టడానికి చోటు లేని సన్నటి గల్లీలు. ఈ గల్లీలు ఇంత ఇరుకుగా ఎందుకున్నాయని ఎప్పుడైనా ఆలోచించారా? ఇవి లేఅవుట్ వేసి కట్టినవి కావు, ఊరు. రెవెన్యూ వాళ్ల భాషలో గ్రామకంఠం. చుట్టూ ఉన్న పొలాలు, గుట్టలు టవర్లయ్యాయి, ఇళ్లున్న నడిమి ఊరు మాత్రం అలాగే చిక్కుకుపోయింది. తెలంగాణ ఊళ్లలో మధ్యన బొడ్రాయి ఉంటుంది, ఊరికి బొడ్డు లాంటి రాయి. పోచమ్మ గుడి ఉంటుంది. ఆషాఢంలో బోనాలు గోల్కొండలో మొదలై నగరమంతా సాగుతాయి. ఆ రోజుల్లో ఈ సందుల్లోకి వచ్చి నిలబడండి. మెడలో ఐడీ కార్డులు, నెత్తిన బోనాలు ఒకే గల్లీలో కనిపిస్తాయి. నా వాక్‌లో అందరూ ఫోన్లు జేబులో పెట్టేసుకునేది అక్కడే.

ఇప్పుడు రాళ్ల సంగతి. "ఉత్త రాళ్లే" అన్నారు కదా, ఆ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుంటాయి. ఎవరూ పేర్చలేదు. భూమి లోపల శిలాద్రవం చల్లబడి గ్రానైట్ అయింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్లపాటు కోసుకుపోయాయి. మీది బరువు తగ్గేసరికి రాయికి అడ్డంగా, నిలువుగా పగుళ్లొచ్చాయి. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి, మూలలు అరిగి, పలకలన్నీ గుండ్లయ్యాయి. అంటే మీకు కనిపించే నాలుగు గుండ్లు ఒకప్పుడు ఒకే రాయి. ఉన్నచోటే విడిపోయింది.

ఆ రాళ్లను కొట్టి బతికిన మనుషులున్నారు, వడ్డెరలు. బండను మంటపెట్టి కాల్చి, పొర లేపి, ఉలి, సమ్మెటలతో చీల్చేవాళ్లు. మన పాత ఇళ్ల పునాదుల్లో, గోడల్లో వాళ్ల చెమట ఉంది. తర్వాత టవర్లు కట్టడానికి పాలమూరు నుంచి కూలీలు వచ్చారు, ఆపై ఒడిశా, బీహార్ నుంచి వచ్చారు. శిలాఫలకాల మీద ప్రారంభించినవాళ్ల పేర్లుంటాయి, కట్టినవాళ్ల పేర్లుండవు. నడిచేటప్పుడు ఈ మాట కూడా అనుకోవాలి.

అక్కడి నుంచి దుర్గం చెరువు. 2020 సెప్టెంబర్‌లో కేబుల్ బ్రిడ్జి తెరిచాక అందరూ బ్రిడ్జినే చూస్తున్నారు. కాసేపు కింద నీళ్లను చూడండి. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీళ్లు ఇక్కడి నుంచి పోయేవి. గుట్టల మధ్య దాగి ఉండేది కాబట్టి సీక్రెట్ లేక్ అన్నారు. ఇప్పుడు సీక్రెట్ ఏమీ మిగల్లేదు, సెల్ఫీ పాయింట్ అయింది. అయినా ఒడ్డున కొన్ని గుట్టలు ఇంకా నిలబడి ఉన్నాయి. ఎందుకున్నాయి? 1996లో కొంతమంది కలిసి సొసైటీ టు సేవ్ రాక్స్ అని పెట్టారు. జనాన్ని తీసుకెళ్లి రాళ్ల మధ్య నడిపించారు, ఇప్పటికీ రాక్ వాక్‌లు చేస్తున్నారు. మహళ్లతో పాటు రాళ్ల గుట్టలను కూడా హెరిటేజ్ జాబితాలో చేర్చాలని అడిగారు, కొన్నింటిని చేర్పించారు. దుర్గం చెరువు గుట్టలు అప్పట్లో అలా చేరినవే. ఆలోచించండి: ఆదివారం పొద్దున నడక అంత పని చేసింది.

రెండో ఆదివారం ఓపికుంటే షేక్‌పేట వైపు పోదాం. ఫ్లైఓవర్ మీద నుంచి రోజూ దూసుకుపోతాం కదా, అక్కడే కుతుబ్‌షాహీల నాటి సరాయి ఉంది. గోల్కొండకు వచ్చే వ్యాపారులు దిగే చోటు. ఉండటానికి గదులు, గుర్రాలకూ ఒంటెలకూ కొట్టాలు, పక్కనే మసీదు. బయటి ఊరి నుంచి పని మీద వచ్చి, ఒక గది తీసుకుని, నలుగురితో కలిసి ఉండటం... ఇది పీజీ కాకపోతే ఏంటి చెప్పండి? మనం చేస్తున్నది ఇక్కడ కొత్త పనేం కాదు. అటు నుంచి ఖాజాగూడ గుట్టలు. బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉంది, అనంతపద్మనాభస్వామి గుడి ఉంది, పొద్దున్నే రాళ్లెక్కే కుర్రాళ్లుంటారు.

ఇదంతా ఇప్పుడే ఎందుకు చెప్తున్నానంటే, 2025 గుర్తుందా? కంచ గచ్చిబౌలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం మొదలైతే విద్యార్థులు అడ్డుకున్నారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఆ భూమి ఎవరిదన్న వాదన వేరే. నేను చూసింది ఇంకోటి. అక్కడున్న పుట్టగొడుగు రాయి పేరు, చెరువుల పేర్లు, నెమళ్లు తిరిగే చోట్లు ఆ పిల్లలకు తెలుసు. రోజూ నడిచారు కాబట్టి తెలుసు. తెలుసు కాబట్టి అడిగారు. అదే క్యాంపస్‌లో పురావస్తు తవ్వకాల్లో పెద్ద రాళ్ల సమాధులు, కుండలు, ఇనుప వస్తువులు బయటపడ్డాయి. ఇప్పుడు చెప్పండి, 1998కి ముందు ఇక్కడేమీ లేదా? "ఇక్కడేమీ లేదు" అనే మాటంత సులువుగా బుల్డోజర్‌కి దారిచ్చే మాట ఇంకోటి లేదు.

మీరే ఒక వాక్ పెట్టుకోవచ్చు. గైడ్ లేకపోయినా పర్లేదు. మీ ఏరియాలో ఎక్కువ ఏళ్లుగా ఉన్న కిరాణా కొట్టు ఏదో కనుక్కోండి. ఆ పెద్దాయన్ని అడగండి: "తాతా, ఇక్కడ బొడ్రాయి ఎక్కడుంది? చెరువు ఎక్కడిదాకా ఉండేది?" ఈ రెండు ప్రశ్నలు చాలు, గంట మాట్లాడతారు. విన్నది రాసుకోండి, కానీ మూడు రకాలుగా విడదీయండి: కళ్లతో చూసింది, రాతలో ఉన్నది, ఎవరో చెప్పింది. గోల్కొండ నుంచి చార్మినార్‌కి సొరంగం ఉందని వందసార్లు విని ఉంటారు, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచినవాణ్ని చూపించమనండి! కథను కథగా చెప్పండి, అది కూడా అందంగానే ఉంటుంది. గైడ్ ఎవరైనా సరే, "ఇది మీకెలా తెలుసు?" అని మర్యాదగా అడగండి. మంచి గైడ్ అయితే సంతోషిస్తాడు.

ఇంకో మాట. ఇళ్లముందు ఫొటోలు తీసేముందు అడగండి. గుడిలో, దర్గాలో అక్కడి పద్ధతి పాటించండి. రాళ్ల మీద పేర్లు రాయకండి, మీ లవ్ స్టోరీ ఆ రాయికి అవసరం లేదు. ఎండాకాలం అయితే ఆరింటికల్లా బయల్దేరండి, నీళ్ల సీసా పెట్టుకోండి, ఖాళీ సీసా మీతోనే వెనక్కి తెచ్చుకోండి.

మీ గల్లీ పేరుకి అర్థం ఏంటో ఈ వారం కనుక్కుని నాకు చెప్పండి. బాగున్న వాటితో ఒక ఎపిసోడ్ చేద్దాం. వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి సైబర్ టవర్స్ ముందు ఉంటా. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రండి. ఉంటాను మరి.