చెప్పుల కొనుగోలులో చేసిన తప్పు, నేర్చుకున్న పద్ధతి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో కొనుగోలు కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ మేం ఇక్కడ నిలబడి ఏం కొన్నాం, ఎంత మిగిల్చాం అని లెక్క చదువుతాం. ఈ ఏడు మిగిల్చినదే కాదు, పోగొట్టినది కూడా చెప్పాలి. అది మీ పొదుపు సొమ్ము. దాచిపెట్టే హక్కు మాకు లేదు.

కిందటి వేసవిలో సభ్యులకు చెప్పులు టోకున కొందామని తీర్మానం చేసుకున్నాం. ఒక వ్యాపారి వచ్చి, తోలు చెప్పులు బజారు ధరలో సగానికే ఇస్తానన్నాడు. మెరుపు చూశాం, ధర చూశాం. 120 జతలు తీసుకున్నాం. వంచి చూడలేదు, రసీదు అడగలేదు. రెండు వానలు పడేసరికి పైపొర పొలుసులుగా లేచింది. సోలు నోరు తెరిచింది. వ్యాపారి ఫోను ఎత్తడం మానేశాడు.

డబ్బు పోతే మళ్లీ సంపాదించుకుంటాం. కానీ మన సంఘంలో ఒక అక్కకు చాలా ఏళ్లుగా షుగరు ఉంది. పాదాలకు స్పర్శ తగ్గిపోయింది. ఆ చెప్పు వారు లోపలి ముడి పొడుచుకుని పుండు పడితే, రక్తపు మరక నేల మీద కనబడేదాకా ఆమెకే తెలియలేదు. చివరికి ఒక వేలు తీసేయాల్సి వచ్చింది. ఆమె ఈ సభలోనే ఉంది. పేరు చెప్పొద్దంది, సంగతి మాత్రం అందరికీ చెప్పమంది. అందుకే ఈ మాటలు.

ఆ తర్వాత మేం నలుగురం, చెప్పులు కుట్టే ఒక పెద్దాయన దగ్గర ఒక పూట కూర్చున్నాం. మేం కొన్న చెప్పును ఆయన కత్తితో కోసి చూపించాడు. పైన పలుచని రెక్సిన్, దాని కింద గుడ్డ, అడుగున అట్ట. తోలు అనేది ఎక్కడా లేదు. "అమ్మా, ధర అడిగే ముందు చెప్పును చేతిలోకి తీసుకుని అడగాల్సింది" అన్నాడు. ఆయన చెప్పింది, మేం చేసి చూసింది మీ ముందు పెడుతున్నాం.

మొదట అంచు చూడండి. అసలు తోలు కోసిన చోట పీచు పీచుగా ఉంటుంది. రెక్సిన్ అయితే నున్నని పూత, దాని కింద నేసిన గుడ్డ పోగులు కనబడతాయి. బొటనవేలితో నొక్కితే తోలు మీద సన్నని ముడతలు పడి మళ్లీ సర్దుకుంటాయి. ఒక నీటి చుక్క వేస్తే తోలు మెల్లగా పీల్చుకుని ఆ చోట రంగు ముదురుతుంది. పూత మందంగా ఉంటే మాత్రం నీటి పరీక్ష తేలదు, అప్పుడు అంచునే నమ్మాలి. 'జెన్యూన్ లెదర్' అన్న అచ్చును చూసి మోసపోవద్దు. అచ్చు ఎవరైనా వేయొచ్చు.

తోళ్లన్నీ ఒకటి కావు. బర్రె తోలు మందం, సోలుకు, గట్టి వార్లకు పనికొస్తుంది. మేక తోలు పలుచనైనా గట్టిది. గొర్రె తోలు చాలా మెత్తన, కానీ సాగుతుంది. అందుకే గొర్రె తోలును కాలికి తగిలే లోపలి అస్తరుకు వాడితే సుఖం, ఒంటి పొరగా వార్లకు వాడితే నిలవదు.

రెండోది, వంచి చూడండి. వేళ్ల దగ్గర వంగాలి, నడుమ విరిగినట్టు వంగకూడదు. సోలు పక్కన గోరు పెట్టి చూడండి, సందు ఉంటే అది సొల్యూషన్‌తో అతికించిందే. కుట్టు కూడా ఉన్నది ఎక్కువ కాలం నిలుస్తుంది. లోపల చెయ్యి పెట్టి తడమండి. మేకు మొనగానీ, ముడిగానీ, మడతగానీ తగిలితే ఆ జత వద్దు.

మూడోది, సాయంత్రం కొనండి. పగలంతా తిరిగిన కాలు సాయంత్రానికి కొంచెం ఉబ్బుతుంది, పొద్దున సరిపోయినది అప్పుడు నొక్కుతుంది. రెండు కాళ్లకూ వేసుకుని, నిలబడి, నాలుగడుగులు నడిచి చూడండి. "వాడగా వాడగా సాగుతుందిలే" అనే మాట వినొద్దు.

షుగరు ఉన్నవాళ్లకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. వేళ్ల మధ్య పట్టీ ఉన్న హవాయి చెప్పులు వద్దు. ముందు వెడల్పుగా, మడమ వెనక పట్టీతో, లోపల మెత్తగా, అడుగున గట్టిగా ఉండాలి. ఎం.సి.ఆర్. చెప్పులని మెత్తని రబ్బరుతో చేసినవి ఉంటాయి, డాక్టరును అడిగి తీసుకోండి. వేసుకునే ముందు చెప్పును దులపండి. రాత్రి పడుకోబోయే ముందు అరికాలు చూసుకోండి. కనబడకపోతే అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లో పిల్లల్ని చూడమనండి.

"ఇంత గొడవెందుకు, ఉత్త కాళ్లతోనే తిరుగుదాం" అంటారేమో. మల విసర్జన చేసిన తడి మట్టిలో కొంకి పురుగు పిల్లలు ఉంటాయి, అరికాలి చర్మం లోంచి లోపలికి పోతాయి. పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. రక్తహీనతకు అదీ ఒక కారణం.

కూతుళ్లు, కొడుకుల దగ్గరికి అమెరికా, కెనడా వెళ్లే అక్కలు గొర్రె బొచ్చు చెప్పులు, బూట్లు ఎలా కొనాలని అడిగారు. ఇది మన గొంగడి ఇళ్లలో తెలిసిన విద్యే. బొచ్చును రెండు వైపులా విడదీసి కుదుళ్లు చూడండి. తోలులోంచే మొలిచి ఉంటే అసలుది, కింద అల్లిన గుడ్డ కనబడితే నకిలీది. కొన్నాక ఒక్క పోగు తీసి జాగ్రత్తగా కాల్చి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన కమురు వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే బూడిద అవుతుంది. నైలాన్ లాంటిదైతే కరిగి గట్టి పూసలా అవుతుంది. బొచ్చు ఒత్తుగా ఉండి, నొక్కి వదిలితే పైకి లేవాలి. తడిస్తే నీడన ఆరబెట్టండి. పొయ్యి దగ్గరా, హీటరు దగ్గరా పెడితే తోలు బిగుసుకుని పగులుతుంది.

ఆఖరిది, రసీదు. రసీదు లేక మేం ఓడిపోయాం. మోసం జరిగితే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల లోపు వెళ్లొచ్చు. వస్తువుకు కట్టిన సొమ్ము 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫీజు కూడా లేదు. కానీ కొన్నట్టు కాగితం ఏదైనా చేతిలో ఉంటే మన మాటకు బలం.

ఇక మా కమిటీ కొత్త పద్ధతి. ఏ సరుకైనా ముందు రెండు జతలు తెచ్చి, ఇద్దరు సభ్యులు పదిహేను రోజులు పొలానికీ, పనికీ వేసుకుని తిరుగుతారు. బాగున్నాయంటేనే ఆర్డరు. రసీదు మీద సరుకు పేరు, వారంటీ రాసి ఉండాలి. సగం సొమ్ము సరుకు చూశాకే ఇస్తాం. షుగరు ఉన్న సభ్యుల జాబితా గ్రామ సంఘాల నుంచి తీసుకుని, వాళ్లకు విడిగా కొంటాం. ఈ ఏడు మాకు రావలసిన ప్రయాణ ఖర్చులు వదులుకున్నాం. దాంతో నష్టం పూడదని మాకు తెలుసు. ఆ వేలు అసలే తిరిగి రాదు.

అక్కలారా, రైతుబజారులో వంకాయను నాలుగు వైపులా తిప్పి, పుచ్చు లేదని తేల్చుకుని గానీ సంచిలో వేయం. రోజంతా మనల్ని మోసే చెప్పును కూడా అలాగే తిప్పి చూద్దాం. ఇంటికెళ్లాక ఇవాళే మీ చెప్పులో ఒకసారి చెయ్యి పెట్టి తడిమి చూడండి.