ఊళ్లేల కదలును?
(వార్షిక మహాసభయందుఁ జేసిన ప్రసంగము)



“ఊరు విడిచిపోయినవారికి సంఘమునఁ బని యేమి?” యను మాట మనలోఁ దఱచుగా వినవచ్చుచున్నది. ఆ మాటయే న్యాయమైనచో నీ సభలో సగము మంది లేచిపోవలసి వచ్చును. కావున మనుష్యు లొక చోటు విడిచి మఱియొక చోటఁ జేరుటకుఁ గారణ మెట్టిదో మన గోదావరీతీరమునుబట్టియే విచారింతము.

యానాము చెంతనున్న కోరంగి యొకప్పుడు గొప్ప రేవుపట్టణము. అచ్చట నోడలు కట్టుచుండిరి. పాడైన యోడలను బాగుచేయుచుండిరి. 1789లో నుప్పెన వచ్చి యా పట్టణమును ముంచెను. అయినను జనులు మరలవచ్చి యిండ్లు కట్టుకొనిరి. 1839లో మఱియొక యుప్పెన వచ్చెను. ఆ పిమ్మటఁ బూర్వవైభవము మరల రాలేదు. ఏలయన, గోదావరి తెచ్చు నొండ్రుమట్టి యేఁటేఁట మేటవేయుటచే రేవు లోఁతు తగ్గి పెద్దయోడలు రాలేకపోయెను. వర్తకుఁడు కదలెను, వర్తకుని వెంట వడ్రంగియుఁ, గూలివాఁడును గదలిరి. నేఁ డచ్చటఁ బ్రసిద్ధములైనవి మడయడవులు.

ఆ నది తెచ్చిన యిసుకయే సముద్రమునఁ బొడవుగా సాగి హోప్ దీవియై, కాకినాడ రేవునకు గోడవలె నడ్డు నిలచెను. ఒక యూరి జీవనమును హరించిన నదియే వేఱొక యూరికి రక్ష యయ్యెను. ఇందుఁ గోరంగివారి దోష మేమి? కాకినాడవారి ప్రతాప మేమి?

ఇఁక సాగునీటి విషయము. 1821లో రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య సుమారు 7 లక్షల 38 వేలు. కఱవులవలనను, వలసలవలనను 1841 నాఁటి కది 5 లక్షల 61 వేలకుఁ దగ్గెను. ప్రక్కనే గోదావరి సముద్రమునకుఁ బోవుచుండఁగా జనులు తిండిలేక మడిసిరి. 1847లో ఆర్థర్ కాటను దొరగారు ధవళేశ్వరమునఁ బ్రారంభించిన యానకట్ట 1852లో ముగిసెను. కాలువలు పైరులకు నీటిని, పడవలకు దారిని నిచ్చెను. జనము మరల నిండెను. నది మాఱలేదు, నీటిని బొలమునకుఁ దెచ్చు నుపాయము మాఱినది.

అయినను నీరందిన భూమి యందఱిదియుఁ గాదు. గంజాము, విశాఖ, గోదావరి జిల్లాల కూలీలు వేలకొలఁది యోడలెక్కి రంగూనునకుఁ బోయి రేవులలో మూటలు మోసిరి. బియ్యపు మిల్లులలోఁ బనిచేసిరి. బర్మావారు వారిని ‘కోరంగీ’ లనిరి. రేవు చెడినను దాని పేరు మాత్రము పరదేశమునఁ దెలుఁగు కూలివానికి నిలచిపోయెను. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేసినపిదప, ఓడ దొరకనివారు కొండలదారినిఁ గాలినడకను స్వదేశమునకు బయలుదేఱిరి. ఎందఱో త్రోవలోనే ప్రాణములు విడిచిరి. కూలికొఱకుఁ బోయినవారిని యుద్ధము వెడలఁగొట్టెను.

నేఁటి స్థితి మనకుఁ దెలియనిది కాదు. గోదావరీ గ్రామములలో వరికోఁత యంత్రములు వచ్చినవి. మాగాణి పెక్కుచోట్లఁ జేఁపలచెఱువులును, రొయ్యలచెఱువులును నైనది. పొలమునకుఁ గావలసిన చేతులు తగ్గినవి. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు వెలసినది మొదలు చదివిన బిడ్డలు హైదరాబాదు దారిఁ బట్టిరి. కోనసీమ తల్లులు కువైటునఁ బరుల యిండ్లలోఁ బనిచేసి, అమ్మమ్మల యొద్ద విడిచిన బిడ్డలను జదివించుచున్నారు. వీరు మాతృభూమియందు ప్రేమలేక పోయినవా రని యెవ్వ రనఁగలరు?

కావున సభవారికి నావి మూఁడు ప్రార్థనలు. ఊర నున్నవారికిని, ఊరు విడిచినవారికిని సభ్యత్వమున భేద ముండరాదు. విద్యార్థివసతిగృహమును బని దొరకు పట్టణముననే కట్టింపవలెను. అందు మొదట నాఁడపిల్లలకుఁ జోటు గల్పింపవలెను. బస లేదను కారణముననే వారి చదువు మాన్పించు తలిదండ్రులు మనలోఁ బెక్కుమంది కలరు. మూఁడవది, గ్రామముల నొంటిగా మిగిలిన వృద్ధుల సంగతి. వారిని వైద్యుని యొద్దకుఁ గొనిపోవుటకును, పింఛను కాగితములు వ్రాసిపెట్టుటకును నూరూర నొక్కొక్కని నియమింపవలెను. దీనికి ధనము పోయినవారు పంపుదురుగాక. శ్రమ యున్నవారు పడుదురుగాక. అప్పుడు పోయినవానికి దిగులును, ఉన్నవానికి నిష్ఠురమును దగ్గును.

మీరు వీనిని విచారించి యీ సంవత్సరముననే యాచరణమునకుఁ దెత్తురని నమ్ముచు విరమించుచున్నాను.