నాలుగు వేళ్ల మాగ

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



పరీక్షా ఫలితములు, హాజరు పట్టికలు నివేదికలో అచ్చయినవి. వానిని మీరు తీరికగా చదువుకొనగలరు. మేము నేడు ఒక చేపను గూర్చి మాటలాడదలచితిమి. శాకాహారియైన ప్రధానోపాధ్యాయునకు చేపలతో పని యేమని కొందరు నవ్వుకొనవచ్చును. ఆ చేప విషయమున మేము తరగతిలో ఒక తప్పు చేసితిమి. దానిని మీ యెదుటనే ఒప్పుకొనుట న్యాయము.

ఒక ఫాల్గుణ మాసమున ఏడవ తరగతికి జలచరములను గూర్చి పాఠము చెప్పుచుంటిమి. సముద్రపు టొడ్డునుండి వచ్చు ఒక బాలుడు తమ యింట తినెడి చేపలలో "మాగ" అను పేరు చెప్పెను. "అది ఊరిమాట. దానిని సాల్మన్ అనవలెను" అని మేము నల్లబల్లపై వ్రాసితిమి. బాలుడు మారుమాట లేక కూర్చుండెను. నాలుగు దినముల తరువాత వాని నాయనమ్మ టి.సి. కొరకు అర్జీ తీసికొని వచ్చెను. మా మాట ఊరిమాటయైనచో ఈ తెలుగు బడి మాకెందుకని ఇంట తర్కించుకొనిరట. అర్జీ బల్లపై పెట్టి ఆమె అడిగిన ప్రశ్న యిది: "బాబూ, మీ సాల్మనంటే ఏ మాగ? నాలుగేళ్లదా, ఐదేళ్లదా?"

ఆమె చేప వయస్సు అడుగుచున్నదని మేము తలచితిమి! ఆమె యడిగినది వేళ్లను గూర్చి.

ఆ ఆదివారము గోపాలపురము ఒడ్డునకు పోయితిమి. ఆమె తడియిసుకపై చేపలను పరచి చూపెను. మాగజాతి చేపలకు చెంప వెనుకనున్న రెక్క క్రింద దారములవంటివి విడివిడిగా వ్రేలాడుచుండును. బురద నీటిలో ఆహారమును తడవి చూచుటకు అవి పనికి వచ్చును. వానినే మనవారు వేళ్లందురు. నాలుగు వేళ్లున్నది అసలైన మాగ. ఒడియావారు దీనిని సహల అందురు. ఐదు వేళ్లుండి, ఒడలు మసకగాను, రెక్క నల్లగాను ఉన్నది వేరొక జాతి. దాని గాలితిత్తికి ప్రత్యేకముగా వెల కలదు. ఐదు వేళ్లుండియు, ప్రక్కల పొడవునా గీతలున్నచో అది మూడవది. ఆరు వేళ్లతో, చెంప దాటగానే పెద్ద నల్లమచ్చతో జానెడు పొడవున్నది ఇంకొకటి. ఏడు వేళ్లుండి, వానిలో పైవి ఒడలికంటె పొడవైనది వంగదేశీయులు మామిడి కాలమున ఇష్టముగా తిను తపసి చేప.

వలలో వేళ్ల కొసలు తెగిపోవును. కావున కొసలను గాక మొదళ్లను లెక్కింపవలెను; ఒక ప్రక్క సందేహమైనచో చేపను త్రిప్పి రెండవ ప్రక్క చూడవలెను. ఇది ఆమె చెప్పిన పద్ధతి. చిలుక సరస్సు ఖైంగా చేపకును మాగవలె వీపున రెండు రెక్కలు దూరదూరముగా నుండును. అయితే ఖైంగాకు వేళ్లుండవు. మాగకు ముక్కు ముందునకు పొడుచుకొని వచ్చి, నోరు దాని క్రింద నుండును.

మరి సాల్మన్ అననేమి? ఆ చేపలు అట్లాంటిక్, ఉత్తర పసిఫిక్ ప్రాంతముల చల్లని నీటివి. మన బంగాళాఖాతమున లేవు. ఆంగ్లేయులు మాగను ఇండియన్ సాల్మన్ అనిరి. ఆ పేరు మేము గుడ్డిగా నల్లబల్ల కెక్కించితిమి. నిజమైన సాల్మన్లలోను ఇదే చిక్కు కలదు. అమెరికా పడమటి తీరమున వసంతమున గాలము వేయువారు చినూక్, కోహో అను రెండింటిని పోల్చుకొనుటకు నోరు తెరచి చూతురు. క్రింది పంటిచిగురు నల్లగానున్నది చినూక్. దంతముల మొదట తెల్లగా నున్నది కోహో. వారు చిగుళ్లు చూచినట్లు ఈ ముసలమ్మ వేళ్లు చూచుచున్నది. ఆమె విద్యను మేము ఊరిమాట యంటిమి.

తరువాత పుస్తకములు తిరుగవేసితిమి. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున సేకరించిన 200 చేపల వర్ణనలు 1803లో లండనులో అచ్చయినవి. ఆయన చేపల పేర్లు మన జాలరులను అడిగి వ్రాసికొనెను. ఈ చేపకు అందు గల పేరు మాగ జెల్లీ. మరుసటి సంవత్సరము జార్జి షా దానినే ఆధారము చేసికొని లాటినున పేరు పెట్టెను. ఆ పేరునకు అర్థము నాలుగు వేళ్లది. లోకమున శాస్త్రజ్ఞులు నేటికిని ఆ పేరే వాడుచున్నారు. మేము చెరపివేసిన మాట లండను గ్రంథమున రెండు వందల యేండ్లకు పైగా నిలిచియున్నది.

మీలో చేపలు కొనువారికి ఒక మాట. బరంపురము బజారున తల తీసి ముక్కలు కోసిన పిదప వేళ్లు కానరావు. అప్పుడు అమ్మువాడు చెప్పినదే పేరు. మాగ వెల యిచ్చువారు కోయకముందే లెక్కించుట మేలు. ఇంకొకటి: ఈ మాగ మొదట మగదై పుట్టి, పెరిగిన పిదప ఆడదగును. పెద్ద చేపలన్నియు పట్టివేసినచో గ్రుడ్లు పెట్టునవి మిగులవు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు యంత్రపు పడవలకు వేట నిషేధమున్నది గాని, ఆ గడువునకు ముందు వలలో పడు పెద్ద మాగలను గూర్చి ఆలోచించువారు తక్కువ.

సోమవారము ఏడవ తరగతికి పోయి, నల్లబల్లపై మాగ అని వ్రాసి, మా తప్పు చెప్పితిమి. బాలుని పిలిచి సుద్దముక్క చేతికిచ్చితిమి. వాడు చేప బొమ్మ వేసి, వేళ్లు నాలుగు గీసి, ఐదవది గీయబోయి తుడిచివేసెను. తరగతి అంతయు నవ్వినది. వాడిప్పుడు ఎనిమిదవ తరగతిలో నున్నాడు. టి.సి. అర్జీ మా బల్ల సొరుగులోనే యున్నది. దానిని తిరిగి తీసికొనుటకు ఆమె ఇంతవరకు రాలేదు, మేమును సంతకము చేయలేదు.