నాన్సీ చీకటి గదిలో ఎన్-కిరణాలు



ఎండాకాలం డాబా మీద పడుకున్నప్పుడు గమనించే ఉంటారు. బాగా మసకగా ఉన్న చుక్కను సూటిగా చూస్తే మాయమవుతుంది. చూపు కాస్త పక్కకు జరిపితే మళ్లీ కనిపిస్తుంది. మసక వెలుతురును పట్టే కణాలు మన చూపు నడిమధ్యలో ఉండవు, చుట్టూ ఉంటాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

1903లో ఫ్రాన్స్‌లోని నాన్సీ విశ్వవిద్యాలయంలో రెనే బ్లాండ్లో అనే భౌతికశాస్త్ర ఆచార్యులు కొత్త కిరణాలు కనుక్కున్నానని ప్రకటించారు. ఊరి పేరు మీద వాటిని ఎన్-కిరణాలన్నారు. ఆయన పేరున్న ప్రయోగకర్త, నిజాయితీపరుడు. ఎక్స్-కిరణాలు బయటపడి అప్పటికి ఎనిమిదేళ్లే. ఇంకో కిరణం ఉందంటే నమ్మడానికి లోకం సిద్ధంగా ఉంది.

మరి ఆ కిరణాన్ని పట్టిందేమిటి? చీకటి గదిలో మిణుకుమనే కాల్షియం సల్ఫైడ్ పూత. కిరణం పడితే ఆ వెలుగు రవ్వంత పెరుగుతుందట. పెరిగిందని తేల్చాల్సింది కన్నే. పైగా తదేకంగా చూడొద్దు, చూపు అలా పైపైన ఆనించాలి అని బ్లాండ్లో సూచించారు. మన డాబా మీది చుక్క ఇక్కడికే వచ్చింది! చూపు రవ్వంత జరిగితే చాలు, వెలుగు పెరిగినట్టే ఉంటుంది. ఎప్పుడు పెరగాలో చూసేవారికి ముందే తెలుసు. నరాల నుంచి, కండరాల నుంచి కూడా ఎన్-కిరణాలు వస్తున్నాయని అదే ఊళ్లో షార్పాంటియే అనే ఆచార్యులు చెప్పారు. ఎందరో చూశామన్నారు. భౌతికశాస్త్రవేత్త లార్డ్ కెల్విన్‌కు మాత్రం కనిపించలేదు.

మన కాలేజీల్లో గురుత్వ త్వరణం కొలిచే లోలకం ప్రయోగం చూడండి. జవాబు 9.8 అని పిల్లలకు ముందే తెలుసు. 9.3 వస్తే తప్పెక్కడో వెతుకుతారు, 9.8 వస్తే వెతకరు. చదువుకునే రోజుల్లో నేనూ అలాగే చేశాను. అబద్ధం ఆడుతున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

1904లో అమెరికా నుంచి రాబర్ట్ వుడ్ అనే భౌతికశాస్త్రవేత్త నాన్సీ వెళ్లారు. అల్యూమినియం పట్టకం గుండా వంగిన కిరణాలు ఎక్కడెక్కడ పడుతున్నాయో చీకట్లో బ్లాండ్లో ఆయనకు కొలిచి చూపిస్తున్నారు. వుడ్ చడీచప్పుడు లేకుండా పట్టకాన్ని తీసేశారు. కొలతలు మారలేదు. కిరణాలిస్తుందన్న ఉక్కు ఆకురాయికి బదులు అదే ఆకారంలో ఉన్న చెక్కముక్క పెట్టారు. ఫలితం మారలేదు. ఆ సెప్టెంబరులో 'నేచర్' పత్రిక ఆయన ఉత్తరాన్ని అచ్చువేసింది.

తర్వాత ఒక ఫ్రెంచి పత్రిక సులువైన పరీక్ష ప్రతిపాదించింది. చూపుకూ తూకానికీ ఒకేలా ఉండే రెండు చెక్కపెట్టెలకు సీలు వేస్తారు. ఒకదానిలో ఉక్కు, రెండోదానిలో సీసం. ఎన్-కిరణాలు ఏ పెట్టెలోంచి వస్తున్నాయో బ్లాండ్లో చెబితే చాలు. 1906లో ఆయన జవాబు రాశారు. ఇంత సున్నితమైన విషయానికి ఇలాంటి పరీక్ష తగదని, ఎన్-కిరణాల మీద ఎవరి అభిప్రాయం వారు ఏర్పరచుకోవచ్చని. ఆ రెండు పెట్టెలూ ఆయన బల్ల మీదకు చేరనే లేదు.