పన్ను డబ్బా

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో క్యాంటీన్ నడుపుతున్న సభ్యురాలి ప్రసంగ పాఠం)



నాకు పెద్ద మాటలు రావు. నేను చేసిన ఒక తప్పు చెప్తాను. మీరు చేయకుండా ఉంటే చాలు.

సంఘం లోనుతో టిఫిన్ బండి పెట్టాను. అదే తర్వాత క్యాంటీన్ అయింది. రోజుకు ఏడు వేల అమ్మకం, నెలకు 26 రోజులు. ఏడాదికి లెక్క వేస్తే 21 లక్షలు దాటింది. హోటల్ వ్యాపారానికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలని ఆడిటర్ గారు చెప్పారు. కాంపోజిషన్ స్కీములో చేరాను. అందులో మాకు 5 శాతం. మూడు నెలలకోసారి కట్టాలి.

ఇక్కడే పొరపాటు పడ్డాను. 5 శాతం అంటే లాభం మీద అనుకున్నాను. కాదు, మొత్తం అమ్మకం మీద! కూరగాయల ధర పెరిగి మనకేమీ మిగలని రోజు కూడా ఏడు వేలకు 350 రూపాయలు కట్టాల్సిందే. పైగా ఈ స్కీములో ఉన్నవాళ్ళు కస్టమర్ దగ్గర పన్ను అని విడిగా వసూలు చేయకూడదు. ప్లేటు ఇడ్లీకి ధర పెట్టేటప్పుడే అది కలుపుకోవాలి.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా 78 రోజుల అమ్మకం. పన్ను 27,300. జులై 18 లోపు కట్టాలి. చేతిలో చూస్తే 2,300 ఉన్నాయి! మిగతాది ఎటు పోయిందంటే ఏం చెప్పను? పాప కాలేజీ ఫీజు, గ్యాస్, చీటీ. నూటికి మూడు రూపాయల వడ్డీకి 25,000 తెచ్చి కట్టాను. నెలకు 750 వడ్డీ.

ఆ రోజు ఇంట్లో బీరువాలో సంఘం కిస్తీల డబ్బు ఉంది. మర్నాడు బ్యాంకులో వేయాల్సింది. దాని మీద చెయ్యి వేయాలన్న ఆలోచనే రాలేదు. అది పదిమందిది కదా! రాత్రి పడుకున్నాక అనిపించింది: సంఘం డబ్బు ముట్టుకోని దాన్ని, పన్ను డబ్బు ఎలా ఖర్చు పెట్టేశాను? అదీ నాది కాదు. నా గల్లాపెట్టెలో ఉందంతే.

అప్పటి నుంచి రాత్రి గల్లా లెక్క పెట్టగానే, పాలవాడికీ కూరగాయలకూ ఇవ్వకముందే 350 డబ్బాలో వేస్తాను. అమ్మకం ఎక్కువైతే నూటికి ఐదు చొప్పున ఎక్కువ. ఫోన్‌పేలో వచ్చిందీ అమ్మకమే, దాన్నీ పుస్తకంలో రాస్తాను. శనివారం ఆ డబ్బంతా వేరే సేవింగ్స్ ఖాతాలో వేస్తాను. ఆ ఖాతా ఏటీఎం కార్డు తీసుకోలేదు, కావాలనే! జులై, అక్టోబర్, జనవరి, ఏప్రిల్ 18 తేదీలు గోడ క్యాలెండర్‌లో ఎర్ర ఇంకుతో చుట్టి పెట్టాను. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుంది మరి.

ఇది అందరికీ వర్తించదు. మనలో చాలామంది అమ్మకం అంత ఉండదు. మన ఆంధ్రప్రదేశ్‌లో పచ్చళ్ళు, అప్పడాల వంటి సరుకులు మాత్రమే అమ్మేవారికి హద్దు 40 లక్షలు. వేరే రాష్ట్రానికి పంపేవాళ్ళు మాత్రం ముందే అడిగి తెలుసుకోండి. ఆదాయపు పన్ను లెక్క వేరు, అదీ అడగండి. కానీ అమ్మకం పుస్తకం మాత్రం ఈ రోజు నుంచే రాయండి. హద్దు దాటినట్టు మనకు చెప్పేది అదే.

పొదుపు మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. ఖర్చుకు ముందే తీసి పక్కన పెట్టడం మన సంఘాల్లో మొదటి రోజు నుంచి చేస్తున్నదే. దానికి ఇంకో డబ్బా చేర్చండి, అంతే.

మొన్న అక్టోబర్‌లో అప్పు లేకుండా కట్టాను. రసీదు పర్సులో పెట్టుకుని తిరిగాను. సెలవు.